తోక మీద నిమ్మపండు

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్‌లో కాపురం పెట్టిన కొత్తలో నాకు ఏ నెల ఏ కాలమో తెలిసేది కాదు. అక్కడ ఉన్నవి రెండే కాలాలు. వాన కురిసే కాలం, కురవని కాలం. ఆ రెంటి మధ్యా వాన ఇదిగో అదిగో అంటూ ఊరించే కొన్ని వారాలుంటాయి. అక్కడివాళ్లు దాన్ని బిల్డప్ అంటారు. మధ్యాహ్నానికల్లా సముద్రం మీద మబ్బులు కొండల్లా లేస్తాయి. ఉరుముతాయి. సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు కరిగిపోతాయి. మనుషులు చెమటలో నానుతూ, చిన్న మాటకే కసురుకుంటూ, ఆకాశం వంక చూస్తూ తిరుగుతుంటారు. నేను చెప్పబోయేదాంట్లో ముఖ్యమైనదంతా అలాంటి వారాల్లోనే జరిగింది. అందుకేనేమో, తలుచుకుంటే జ్వరంలో కన్న కలలా ఉంటుంది. అంచులు కనపడవు. మధ్యలో మాత్రం ప్రతీదీ స్పష్టంగా మెరుస్తూ ఉంటుంది.

మా ఆయన అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నేను తెనాలి దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెబుతూ చెబుతూ, ఆయన వెంట ఈ దేశం వచ్చేశాను. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేక ఎయిర్‌పోర్టులో ఉద్యోగానికి చేరాను. విమానం దిగింది మొదలు మళ్లీ ఎగిరేదాకా కింద జరగాల్సిన పనులు చాలా ఉంటాయి. ఇంధనం పోయాలి, సామాను దించాలి, ఎక్కించాలి, భోజనాలు, మంచినీళ్లు అందించాలి, లోపల ఊడవాలి. ఇవన్నీ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడకుండా చూడటం నా పని. మా అమ్మకు ఫోనులో ఇదంతా విడమరచి చెబితే, "అంటే పెళ్లివారింట్లో వడ్డన చూసుకునే పెద్దరికం లాంటిదా?" అంది. అవును, అలాంటిదే అన్నాను. అంతకన్నా బాగా ఆ ఉద్యోగం గురించి ఇంకెవరూ చెప్పలేదు.

నేను చేరిన ఏడాదే ఆ విమానం రావడం మొదలైంది. ఇటలీలో సెలవులకు వెళ్లేవాళ్లను మోసే కంపెనీ వాళ్లది. మిలాన్‌లో బయల్దేరేది. మాల్దీవుల్లో కొందరిని దింపి, మా ఊళ్లో ఇంధనం పోసుకుని, మెల్‌బోర్న్ వెళ్లేది. మెల్‌బోర్న్‌లో ఇటాలియన్లు తరాలుగా ఉన్నారు. వాళ్లను చూడటానికి వచ్చే చుట్టాలు, ఇక్కడి నుంచి సొంతూళ్లు చూసుకోవడానికి వెళ్లే ముసలివాళ్లు. విమానంలో ఎప్పుడూ ఒక జాతర ఉండేది.

దాని తోక మీద పెద్ద నిమ్మపండు బొమ్మ. పచ్చగా, పక్కన రెండు ఆకులతో. మొదటిసారి అది ఎండలో నెమ్మదిగా మలుపు తిరిగి నా వైపు వస్తుంటే, ఎవరో తోటలోంచి కోసి ఆకాశానికి అతికించినట్టు అనిపించింది. రన్‌వే దగ్గర పనిచేసే మగవాళ్లు మాత్రం దాన్ని చూసి "లెమన్ వచ్చిందిరోయ్" అని నవ్వేవాళ్లు. ఇక్కడి మాటల్లో లెమన్ అంటే కొన్న మర్నాడే పాడైపోయే బండి అని అర్థమట. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. మన దగ్గర కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. నాకది శుభంగానే కనిపించింది.

ఆ రోజు తలుపు తెరుచుకోగానే లోపలి నుంచి కాఫీ వాసన, సెంటు వాసన, ఒక్కసారిగా చాలామంది మాట్లాడే గోల బయటికి వచ్చాయి. వాటి వెనకే మెట్ల మీదికి ఒకావిడ వచ్చింది. విమానంలో పరిచారికలందరికీ పెద్ద. యాభై దాటి ఉంటుంది. మెడకు నిమ్మపండు రంగు రుమాలు. ఆవిడ నన్ను చూడలేదు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, "ఇక్కడ ఎండకు వాసన ఉంది" అంది. ఇంగ్లీషే, కాని పాడినట్టుగా ఉంది. తర్వాత కళ్లు తెరిచి, "క్షమించాలి. ఇప్పుడు చెప్పండి, మొదట ఏం కావాలి మీకు?" అంది.

ఇటలీ నుంచి వచ్చిన సిబ్బంది మా ఊళ్లో దిగిపోయి, తర్వాతి విమానం దాకా విశ్రాంతి తీసుకునేవాళ్లు. అలా ఆవిడ వచ్చినప్పుడల్లా మూడు నాలుగు రోజులు ఊళ్లో ఉండేది. రెండోసారో మూడోసారో, హోటల్ తిండి విసుగు పుట్టిందని అంటే, "మా ఇంటికి రండి" అన్నాను. వచ్చింది. నేను పెసరట్లు వేస్తుంటే వంటింటి గట్టు ఎక్కి కూర్చుని కబుర్లు చెప్పింది. చిన్నప్పటి స్నేహితురాలు ఊరి నుంచి వచ్చినట్టే ఉంది నాకు.

మా పాప ఆవిణ్ని "ఆంటీ" అంది, ఇక్కడి అలవాటు ప్రకారం.

"ఆంటీ కాదు. మా ఊళ్లో త్సీయా అంటారు" అంది ఆవిడ. "మరి మీ అమ్మ నన్ను ఏమని పిలవాలి?"

పాప కాసేపు ఆలోచించింది. తెలుగు దానికి అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "యూ ఆర్ ఓల్డర్. సో, అక్క" అంది.

ఆవిడ ఆ మాటను నోట్లో చప్పరించి చూసింది. "అక్-కా. బాగుంది. చిన్న మాట. విమానం గోలలో కూడా వినిపిస్తుంది" అంది. ఆ రోజు నుంచి నాకు ఆవిడ అక్క.

సాయంత్రాలు నేనూ అక్కా పాపను తీసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. డార్విన్‌లో సూర్యుడు సముద్రంలోకే దిగుతాడు. జనం కుర్చీలు వేసుకుని మరీ ఆ దిగడం చూస్తారు. ఆ ఒడ్డున కూర్చుని అక్క కంపెనీ పుట్టిన కథ చెప్పేది. ఒకేసారి కాదు. ఒక సాయంత్రం ఒక ముక్క, మళ్లీ నెలకు ఇంకో ముక్క.

"మొదట మాకు ఒక్కటే విమానం, అదీ సెకండ్‌హ్యాండ్‌ది" అంది ఒకరోజు. "మా కంపెనీ యజమాని ముసలాయన, బస్సుల్లో జనాన్ని యాత్రలకు తిప్పేవాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, టీచర్లు, మంగలిషాపు వాళ్లు. ఒక చలికాలం ఆయనకు ఆలోచన వచ్చింది. వీళ్లకు బస్సు ఎందుకు, ఎండ కావాలి కదా అని. మేము అమ్మింది టికెట్లు కాదు చెల్లీ. చలికాలంలో ఎండ అమ్మేవాళ్లం."

'చెల్లి' అనే మాట పాప నేర్పించింది.

మిలాన్‌లో మంచు కురుస్తుంటే ఆడవాళ్లు గడ్డి టోపీలు పెట్టుకుని, కాళ్లకు చెప్పులతో వణుకుతూ విమానం ఎక్కేవాళ్లట. చాలామందికి అదే మొదటి విమానం. మొదటి ప్రయాణంలో కంపెనీ యజమాని తనే నడవాలో తిరుగుతూ అందరికీ కాఫీ పోశాడట. కుదుపు వస్తే ఒకావిడ ఒళ్లో పడిందట ఆ కాఫీ. ఆవిడ తిట్టకపోగా, "పోన్లే నాయనా, నా ముడుకు వెచ్చబడింది" అందట. అక్క ఇది చెబుతూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది.

ఆ ఒక్క విమానం రెండయింది, రెండు నాలుగయ్యాయి. చిన్నవి పోయి, మధ్యలో రెండు నడవాలున్న పెద్ద విమానాలు వచ్చాయి. ఆఫ్రికా తీరాలు, ఎర్రసముద్రం, కరేబియన్ దీవులు. విమానంలో గుడ్డ రుమాళ్లు, గాజు గ్లాసులు. సాయంత్రం ప్రయాణమైతే సంగీతం. నేల తాకగానే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నేనే చాలాసార్లు విన్నాను. తలుపు తెరవకముందే, మూసిన పెట్టెలో వాన పడుతున్నట్టు ఆ చప్పుడు కిందికి వినపడేది.

"ఆస్ట్రేలియా మాత్రం ఎండ కోసం కాదు" అంది అక్క. "ముసలాయన మేనమామ ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాడు, చిన్నప్పుడు. మళ్లీ వెళ్లలేదు. ఆ మామను విమానంలో ఇంటికి తీసుకురావాలని ఆయన కోరిక. ఈ లైను మొదలుపెట్టేసరికి మామ పోయాడు. లైను మాత్రం ఉండిపోయింది."

కొన్నేళ్లు అంతా బాగానే సాగింది. తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది నాకు సరిగ్గా గుర్తులేదు. ముసలాయనకు ఒంట్లో బాగాలేక కంపెనీ అమ్మేశాడు. దగ్గరి తీరాలకు చవక విమానాలు వచ్చేశాయి. కొన్ని చోట్ల గొడవలు జరిగి జనం వెళ్లడానికి భయపడ్డారు. ఇవన్నీ అక్క చెప్పగా విన్నవి. నా కంటికి కనపడినవి వేరే ఉన్నాయి. గాజు గ్లాసులు పోయి ప్లాస్టిక్ వచ్చింది. సీట్ల గుడ్డ మోచేతుల దగ్గర నలిగి మెరిసేది. చిరిగిన చోట అదే రంగు దారంతో కుట్టి ఉండేది. ఎవరు కుట్టారో అడగక్కర్లేదు, అక్క చేతిసంచిలో ఎప్పుడూ సూదీ దారం ఉండేవి. వారానికి రెండుసార్లు వచ్చేది ఒకసారికి, తర్వాత రెండు వారాలకు ఒకసారికి తగ్గింది. ఒక్కోసారి నిమ్మపండు విమానం బదులు ఎక్కడో అద్దెకు తెచ్చిన తెల్లటి, ఊరూ పేరూ లేని విమానం వచ్చేది. అక్క దాన్లోంచి దిగి, "ఈవేళ ఎవరి ఇంట్లోనో పడుకుని వచ్చినట్టుంది" అనేది.

అసలు విమానం వచ్చినప్పుడు కూడా తోక మీద పండు ఏటికేడు వెలిసిపోతూ వచ్చింది. కొత్త రంగు ఎవరూ వేయలేదు. చివరికి అది ఎండలో నిమ్మపండులా కాక, పగటిపూట కనిపించే చందమామలా ఉండేది.

అలా ఒక ఏడు బిల్డప్‌లో, ఒక మధ్యాహ్నం అది మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. ఇక్కడ ఇంధనం పోసుకుని ఇటలీ వెళ్లాలి. క్రిస్మస్‌కు సొంతూళ్లకు వెళ్లే ముసలివాళ్లతో నిండుగా ఉంది. ఊళ్లో ఆగి ఉన్న అక్క, తన సిబ్బందితో ఇక్కడే ఎక్కింది. నేను ఇంధనం లారీ కోసం చూస్తున్నాను. రాలేదు. ఫోను చేస్తే, "పై నుంచి ఆర్డర్ వచ్చింది. ఆ విమానానికి పోయొద్దన్నారు" అన్నాడు అవతలివాడు. నేను మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి కెప్టెన్ అప్పటికే ఫోనులో ఉన్నాడు. ఆయన అవుననడమే గాని మాట్లాడటం లేదు. ఫోను పెట్టేసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయిపోయింది" అన్నాడు అక్కతో. "కంపెనీ మూతపడింది. విమానాలు మొత్తం ఆపేశారు. ఎక్కడున్నవి అక్కడే."

అక్క గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత అద్దంలో చూసుకుని మెడ రుమాలు సర్దుకుంది. "జనానికి నేను చెబుతాను" అంది.

మైకు వాడలేదు. ఒక నడవాలో వెళ్లి, ఇంకో నడవాలో వస్తూ, కొద్దికొద్దిమందికి వంగి, మెల్లగా చెప్పుకుంటూ వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. మాటలు అర్థం కాలేదు. గాలి వీచినప్పుడు వరిచేను వరసగా వంగినట్టు, ఆవిడ దాటిన వరసల్లో తలలు ఒక్కొక్కటే వంగడం కనిపించింది. ఎవరూ అరవలేదు. వెనక సీట్లో ఒకాయన మాత్రం లేచి నిలబడి అక్క చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

అంతమందికీ ఊళ్లో గదులు దొరకలేదు. కొందరిని మోటెళ్లలో సర్దాం. మిగిలిన పెద్దవాళ్లను ఊళ్లోవాళ్లు పంచుకున్నారు. ఇటాలియన్ కుటుంబాలు, గ్రీకు కుటుంబాలు, మా తెలుగువాళ్లు నాలుగైదు ఇళ్లు. మా ఆయనకు ఫోను చేశాను. ఆయన ఇంకా ఆపరేషన్ థియేటర్ బట్టల్లోనే ఉన్నాడు.

"ఏవండీ, ఇద్దర్ని ఇంటికి తీసుకొస్తున్నా. అక్క, ఇంకొక పెద్దావిడ."

"పెద్దావిడంటే ఎంత పెద్ద?"

"ఎనభై దాటినట్టున్నారు."

"బీపీ మాత్రలు బ్యాగులో ఉన్నాయో లేదో అడుగు ముందు. సామానులో వేసేసుంటే తీయించు. నే వచ్చి చూస్తా" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు.

పెద్దావిడను కారులో ఎక్కిస్తూ అలవాటుగా, "జాగ్రత్త మామ్మగారూ, తల తగులుతుంది" అన్నాను.

ఆవిడ ఆగిపోయింది. "మామ్మా? నీకు మా భాష వచ్చా?" అంది. వాళ్ల భాషలో మమ్మా అంటే అమ్మ. మా గోదావరి, కృష్ణా వైపు మామ్మ అంటే నాయనమ్మ అని చెప్పాను. "ఒక తరం తేడా వచ్చింది, అంతేగా" అని తనే తేల్చేసి కారెక్కింది.

మామ్మగారు పెళ్లికూతురుగా ఓడలో మెల్‌బోర్న్ వచ్చిందట. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. భర్త పోయాడు. కొడుకు, మనవలు ఉన్నారు. ఇటలీలో కొండ మీద ఊళ్లో ఒక్క చెల్లెలు మిగిలింది. ఆ చెల్లెలితో క్రిస్మస్ చేసుకోవాలని బయల్దేరింది. ఆస్ట్రేలియా రుచి చూపిద్దామని చెల్లెలి కోసం వెజిమైట్ సీసా తీసుకెళుతోంది, ఇక్కడివాళ్లు రొట్టె మీద రాసుకునే నల్లటి ఉప్పటి ముద్ద. "దానికి నచ్చదు. దాని మొహం చూడాలని నాకు సరదా" అంది.

మర్నాడు కొడుకు ఫోను చేశాడు. స్పీకర్‌లో పెట్టమంది.

"మమ్మా, జస్ట్ కమ్ హోమ్. వచ్చే ఏడు వెళ్దువుగాని" అంటున్నాడు.

"వచ్చే ఏడు నేనుంటానని ఎవరు చెప్పారు నీకు?" అంది మామ్మగారు. "నేను వెనక్కి రాను. ఇక్కడ బాగానే ఉంది. మామిడికాయలున్నాయి."

ఆ రోజులు ఎలా గడిచాయో! మా పెరట్లో మామిడిపళ్లు రాలిపోతుండేవి. పొద్దున్నే చిలకలు కొరికి పడేసినవి ఏరడం పాప పని. మామ్మగారు వరండాలో కూర్చుని అవి ఒలుచుకుని తినేది, రసం మోచేతుల దాకా కారుతుంటే తుడుచుకోకుండా. దూరాన ఉరుములు, పైన ఫ్యాను చప్పుడు. ఎవరం ఎక్కడివాళ్లమో, ఏ ఊరికి పోతున్నామో అన్నీ మరిచిపోయినట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక మామ్మగారు నా చపాతీ పీట, కర్ర అడిగి తీసుకుంది. పిండి కలిపి, పల్చగా వత్తి, పాస్తా కోసం రిబ్బన్లలా కోసింది. ఆరేయడానికి చోటు లేక బట్టల స్టాండు తెచ్చి హాల్లో పెట్టాం. అందులోని పాప స్కూలు గౌన్లు తీసేసి, ఒక్కో కమ్మీ మీదా పిండి రిబ్బన్లు వేలాడదీసింది. ఆ గాలిలో తడి ఎంతంటే, సాయంత్రానికి కూడా అవి ఆరలేదు. సాగి సాగి ఇంకా కిందికి దిగాయి. మామ్మగారు కిటికీలోంచి మబ్బుల్ని చూసి చెయ్యి ఊపుతూ తిట్టింది.

మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇదేంటే, ఇంట్లో సేమ్యా ఆరేశారు!" అన్నాడు. అక్కకు తర్జుమా చేసి చెబితే, అన్ని రోజుల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. ఆరని రిబ్బన్లనే ఉడికించుకుని తిన్నాం. బాగున్నాయి.

మోటెళ్లలో ఉన్నవాళ్లకు మా తెలుగు ఆంటీ ఒకావిడ పెద్ద గిన్నెలో పులిహోర చేసి పంపింది. మిలాన్ వైపు పసుపుపచ్చని అన్నం వండుకుంటారట, కుంకుమపువ్వు వేసి. అదే అనుకుని అందరూ ఆశగా నోట్లో పెట్టుకున్నారు. చింతపండు పులుపు తగలగానే వాళ్ల కనుబొమలు లేచిన తీరు! అయినా గిన్నె ఖాళీ అయింది. రోజుకు కొందరు చొప్పున, పిల్లలు కొన్న టికెట్లతో, ఇంకో దారిన ఇటలీకో, వెనక్కి మెల్‌బోర్న్‌కో వెళ్లిపోతూ వచ్చారు.

విమానం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. దాన్ని కదిలించడానికి వీల్లేదని అప్పులవాళ్లు కాగితం తెచ్చారు. లోపల ఆ రోజు పెట్టిన భోజనాలు అలాగే ఉన్నాయి. ఈ వేడికి కుళ్లిపోకముందే తీసేయమని మా మేనేజర్ నాకు చెప్పాడు. ఏది ఏ అరలో ఉందో తెలిసిన మనిషి కావాలి. అక్కను అడగాలంటే నాకు నోరు రాలేదు. ఆవిడే అడిగింది. "నేను రావచ్చా?"

ఆ పొద్దున ఆవిడ యూనిఫాం వేసుకుంది. ఇస్త్రీ చేసుకుంది కూడా. మెట్లెక్కి తలుపు తీస్తే లోపలి వేడి మొహానికి కొట్టింది. కరెంటు లేదు. కిటికీల్లోంచి పడే వెలుగు తప్ప లైట్లు లేవు. ఊడ్చేవాళ్లు వెనక నుంచి భోజనాల బళ్లు ఖాళీ చేసి దించేస్తుంటే, అక్క ముందు నుంచి మొదలుపెట్టింది. సీట్ల మీద పడి ఉన్న దుప్పట్లు మడిచింది. బెల్టులన్నీ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టింది. ఒక సీటు సంచిలో ఎవరిదో కళ్లజోడు, ఒకచోట జపమాల, ఒకచోట సగం అల్లిన ఊలు మేజోడు దొరికాయి. అన్నీ నా చేతికి ఇచ్చింది, ఎవరివో చెబుతూ. మొహాలు అన్నీ గుర్తున్నాయి ఆవిడకు.

"కిటికీలు మూసేద్దాం చెల్లీ" అంది తర్వాత. "ఎండకు సీట్లు పాడవుతాయి."

ఆవిడ ఒక వైపు, నేను ఒక వైపు, వరసగా ఒక్కో కిటికీ రెప్ప దించుకుంటూ వెళ్లాం. మూసిన కొద్దీ చీకటి మా వెనకే నడిచి వచ్చింది. ఊడ్చేవాళ్లు దిగిపోయారు. చివరి వరస దాకా వెళ్లి, తెరిచిన వెనక తలుపు వెలుగులో ఆవిడ ఒక సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పింది. "ఇన్నేళ్లలో ఈ సీట్లలో నేను ఎప్పుడూ నిద్రపోలేదు. తెలుసా?" అంది.

"పడుకో అక్కా" అన్నాను.

తల పక్కకు వాల్చింది. అంతే, పసిపిల్ల నిద్రపోయినట్టు నిద్రపోయింది. ఆ వేడికి మొహం మీద చెమట పట్టింది. నేను ముందు సీటు సంచిలోంచి అట్ట తీశాను. ప్రమాదం జరిగితే ఏం చేయాలో బొమ్మలేసి ఉంటుందే, ఆ అట్ట. దాంతో ఆవిడకు విసురుతూ కూర్చున్నాను. బయట ఎక్కడో ఉరిమింది. మా ఇద్దరినీ కడుపులో పెట్టుకుని ఆ విమానం మెల్లగా ఊపిరి పీలుస్తోందని అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. నా చేతి ఫోను మోగింది, నేను తీయలేదు. ఆవిడ తనంతట తనే లేచి, చెప్పులు వేసుకుని, ముందుకు నడిచి దిగిపోయింది. తలుపు నేను మూశాను.

మామ్మగారి మొండితనమే చివరికి గెలిచింది. సింగపూర్ మీదుగా వెళ్లే వేరే విమానంలో కొడుకు టికెట్ కొన్నాడు. ఒక్కదాన్నే పంపడానికి భయపడి, "మీరు తోడు వెళతారా?" అని అక్కకు కూడా కొంటానన్నాడు. అక్క ఇటలీ వెళ్లాల్సిన మనిషే. ఒప్పుకుంది. ఎయిర్‌పోర్టులో అక్క మామూలు బట్టల్లో, చేతిలో బోర్డింగ్ పాసుతో, ఎటు నిలబడాలో తెలియనట్టు నిలబడింది. మామ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "కిటికీ పక్క సీటు నాది. ముందే చెబుతున్నా" అంది.

వాళ్ల విమానం ఎగిరాక నేను పనిలోకి వెళుతుంటే మొదటి చినుకు పడింది. చూస్తుండగానే ఎదురుగా ఉన్నవి కనపడనంత వాన. విమానాలు నిలిపే రాంపు మీద మనుషులు చేతులు చాపి తడుస్తూ నిలబడ్డారు. నేనూ తడిశాను.

మామ్మగారు చెల్లెలి దగ్గర చలికాలమంతా ఉంది. వెజిమైట్ చెల్లెలికి బాగా నచ్చేసిందట. ఆ కోపం మామ్మగారికి చాలాకాలం పోలేదు. చలికి తట్టుకోలేక, ఊళ్లో అందరూ మారిపోయారని సణుక్కుంటూ మళ్లీ మెల్‌బోర్న్ వచ్చేసింది. వచ్చాక నాకు ఫోను చేసి గంటసేపు ఫిర్యాదులు చెప్పింది. చెల్లెలి గురించి మాట్లాడినప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం, చిన్నప్పటిలాగా" అంది.

విమానాన్ని వానలు తగ్గాక ఎవరో అద్దె పైలట్లు వచ్చి తీసుకెళ్లారు. తోకకు తెల్లరంగు పూసేశారు. అది ఎక్కడికి వెళ్లిందో రకరకాలుగా చెప్పారు. నేను ఆ రోజు సెలవు పెట్టాను.

అక్క ఇటలీలో ఒక సరస్సు ఒడ్డున ఊళ్లో బేకరీలో చేరింది. పొద్దున్నే లేవడం అలవాటే కదా అంటుంది. మేము తర్వాత అడిలైడ్‌కు మారి, మాసన్ లేక్స్ అనే చెరువుల పేటలో ఇల్లు తీసుకున్నాం. పాప ఇప్పుడు ఇంటికి నాలుగడుగుల్లో ఉన్న యూనివర్సిటీకి వెళుతోంది.

పోయిన వేసవిలో అక్క మా ఇంటికి వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. రుమాలు మానేసింది. వచ్చిన రోజంతా పడుకుంది. మర్నాటి సాయంత్రం ముగ్గురం చెరువు చుట్టూ నడవడానికి వెళ్లాం. పక్కనే చిన్న విమానాలు నడపడం నేర్పే మైదానం ఉంది. నేర్చుకునేవాళ్లు సాయంత్రమంతా మా ఇళ్ల మీదుగా గుండ్రంగా తిరుగుతూ దిగడం, లేవడం సాధన చేస్తుంటారు. మా పాప వాటిని పట్టించుకోదు, మాకు కాకులెలాగో దానికి అవి అలాగ. అక్క మాత్రం బల్ల మీద కూర్చుని తల ఎత్తి చూస్తోంది.

"ఇదుగో, ఈ పిల్లాడు ఎత్తు మీద వస్తున్నాడు. బంతిలా ఎగిరి దిగుతాడు చూడు" అంది.

"హౌ డూ యూ నో, త్సీయా?" అంది పాప.

"చూడు."

విమానం ఇళ్ల వెనక్కి దిగింది. మాకు నేల కనపడలేదు. ఒక క్షణం తర్వాత దాని తోక ఇళ్ల కప్పుల పైన ఒకసారి ఎగిరి కనిపించింది. మునిగిపోయింది. మళ్లీ ఇంకోసారి ఎగిరింది. పాప పకపకా నవ్వింది. అక్క బాతుల కోసం తెచ్చిన మొక్కజొన్న గింజలు జేబులోంచి తీసి, ఒక్కొక్కటే నీళ్లలోకి విసరసాగింది.